సాక్చిలో తపస్వి బొమ్మ

కూరగాయలకు తప్ప నేను సాక్చి బజారు వైపు వెళ్ళేదాన్ని కాదు. ఆ ఆదివారం రంగులతో గీసిన బొమ్మల ప్రదర్శనకని మా ఆయనే తీసుకెళ్ళారు. ఆయన గోల్‌మురిలో రేకుల కార్ఖానాలో పనిచేస్తారు. గడ్డం పెంచి, కాషాయం కండువా వేసుకుని, ఉద్యోగం మానేసి హరిద్వార్ ఆశ్రమంలో చేరతానని కొన్ని నెలలుగా అంటున్నారు. నన్ను శ్రీకాకుళంలో మా పుట్టింట్లో దింపేస్తారట. ఆ ప్రదర్శనలో ఒక తపస్వి బొమ్మ ఉందని, అది చూస్తే నేనే సరేనంటానని ఆయన నమ్మకం.

పొద్దున్నే బిర్సానగర్‌లో మా ఇంటి నుంచి గోల్‌మురి దాకా సైకిలు మీద వెళ్ళి, దాన్ని తెలిసినవాళ్ళింట్లో పెట్టి రిక్షా ఎక్కాం. సాక్చికి మామూలుగా రెండు రూపాయలు. రిక్షా అతను మా ఆయన వేషం చూసి, "బాబా, ఆప్‌సే క్యా మోల్‌భావ్?" అన్నాడు, మీతో బేరమేమిటని. ఈయన మూడు రూపాయలు ఇచ్చి చల్లగా నవ్వారు.

హాల్లోకి టికెట్టు లేదు. నేను అలవాటుగా చెప్పులు గుమ్మం దగ్గర విడిచాను. లోపల కూర్చున్న బెంగాలీ ఆవిడ, "పహన్ లీజియే దీదీ, మందిర్ నహీ హై" అని నవ్వింది. సిగ్గుపడి మళ్ళీ తొడుక్కున్నాను.

ఆ బొమ్మ సగం గోడంత ఉంది. మధ్యలో కళ్ళు మూసుకున్న తపస్వి, ఒళ్ళంతా తుప్పు రంగు. ఎడమవైపు ఒక ఆడమనిషి, వీపు మాత్రమే కనిపిస్తుంది. కుడివైపు చీకట్లో జోడించిన చేతులు, లెక్కలేనన్ని.

"సూసావా? ఆవిడే మాయ. ఆవిణ్ణి దాటితేనే మోచ్చం" అన్నారు మా ఆయన.

నేను చాలాసేపు చూశాను. "ఆవిడ ఎల్లిపోతందండి."

"ఏటి?"

"పాదాలు సూడండి, అవతలికున్నాయి. ఆవిడ పిలవట్లేదు."

"మరాయన్ని లాగుతున్నదేటి?"

"ఆ దండాలండి. ఆయన మొకం అటే తిరిగుంది. కళ్ళు మూసుకునే నవ్వుతన్నాడు."

"నాలుగో క్లాసు సదివి బొమ్మలకి అర్తాలు సెప్తన్నావా?"

నేను తల దించుకున్నాను. "నాకు కనబడింది సెప్పాను. మీరెల్లిపోయినా ఇదే సెప్తాను."

ఆయన బొమ్మ ముందుకు వెళ్ళి, ఆ తపస్వి పెదాల దగ్గరే చూస్తూ నిలబడిపోయారు.

తిరుగుదారిలో రిక్షా వద్దన్నారు. ఎండలో నడుస్తూ సగం దారిలో అడిగారు, "హరిద్వార్‌లో నన్నెవరూ ఎరగరు గదా. అక్కడ దండాలెవలెడతారు?"

"ఎవరూ ఎట్టరు. అలాగైనా ఎల్లాలనుంటే ఎల్లండి, నేనడ్డు రాను."

గోల్‌మురి దాకా నడిచాం. సైకిలు తీసుకున్నాక, "ఈ ఏడాది ఆగుతాను. ఎనకాల ఎక్కు" అన్నారు.

బొమ్మ గీసినాయన ఏమనుకున్నాడో నాకు తెలియదు. ఆ బెంగాలీ ఆవిడనడిగితే ఆవిడకీ తెలియదంది. నా అర్థమే సరైనదని నేననను. కానీ ఆ రోజు దాకా, ఆయన దాటిపోవలసిన మనిషిని నేనేననుకుని లోలోపల కుంగిపోయేదాన్ని. ఇప్పుడు ఆ వీపు గుర్తొస్తే వేరే ఆలోచన వస్తుంది. ఆవిడకి ఎక్కడో తన పనేదో ఉంది, దానికోసం వెళ్తోంది.

ఆ ప్రదర్శన ఇంకా నడుస్తోంది. మీరు వెళ్తే ఆదివారం పొద్దున్నే వెళ్ళండి, జనం ఉండరు. పక్కవాళ్ళు అర్థం చెప్పకముందే ఒక్కరే కాసేపు ఆ బొమ్మ ఎదుట నిలబడండి.