ఆ కాలు మాన్పింది ఎవరు

ఆ కాలు సంగతి మా కూలీల ఇళ్ల లైన్లలో అందరూ చెప్పుకుంటారు. మాన్పిన నన్ను మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

బంటింగ్ ఊరి దగ్గర రబ్బరు తోటలో చెట్లు కొడుతుండగా ఒకటి మా లైన్లలోని అన్నదమ్ములిద్దరి మీద పడింది. తమ్ముడు పోయాడు, అన్న కాలు చీలింది. ఆస్పత్రిలో ఏదో మలాం రాసి పంపేశారు. రోజూ కడిగి పసరు కట్టింది నేను. అయినా పుండు మానలేదు, ఎందుకంటే అతను అన్నం ముట్టలేదు.

“ఆడు ఆకలితో ఎల్లిపోనాడు మావా. నాకెందుకు కూడు?”

తమ్ముడికి పదోనాటి ముద్ద పెట్టలేదట. తాను లేవలేడు, ఇంకెవరికీ కూలీల మీద పెత్తనం చేసే కంగాణీ సెలవివ్వలేదు. మర్నాడు పొద్దున్నే, సెలవు అడక్కుండానే, అన్నం వండించి, అతన్ని వీపున వేసుకుని కాలువ గట్టుకు మోసుకెళ్లాను.

“ముందు ఆడికెట్టు. తరవాత నువ్వు తినకపోతే ఇక్కడే ఒగ్గేసి పోతాను, దేక్కుంటూ రా.”

కాకి ముద్ద ముట్టింది. అతను భోరున ఏడ్చి, ఆకులో మిగిలినదంతా తిన్నాడు. ఆనాటి నుంచే పుండు ఎండసాగింది.

ఇప్పుడు ఆ కాలితోనే నా గుమ్మం ముందు నుంచి పనికి పోతూ, ఆస్పత్రి మలాం గొప్పదని చెబుతున్నాడు. ఒరే అల్లుడా, ఒక్కసారి ఆగి, నా మొహం చూసి చెప్పు. నిన్ను నడిపించింది ఎవరు?