నంబర్లు మూసి లెక్క చెప్పించిన మాస్టారు

మా బుల్లి పాసైపోయిందండీ! రైలింజను నడిపే ఉద్యోగానికి, అసిస్టెంట్ లోకో పైలట్‌గా, మా చిన్నమ్మాయి ఎంపికైంది. ఈ మాట అందరికన్నా ముందు వినాల్సిన మాస్టారు మాత్రం లేరు. కిందటి వారమే, ఇక్కడే బిలాస్‌పూర్‌లో, కుదుదండ్ పేటలోని తమ ఇంట్లో, నిద్రలోనే వెళ్ళిపోయారు. నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను. ఆనందంలో ఒకటి రెండు మాటలు ఎక్కువ రాస్తే మన్నించండి.

బుల్లికి ఇదే ఆఖరి అవకాశం. ఈసారి తప్పితే వయసు దాటిపోయేది. అంతకుముందు రాసినప్పుడల్లా ఫిజిక్స్ దగ్గరే జారిపోయింది. దిక్కు తోచక మాస్టారింటికి తీసుకెళ్ళాను. మా శ్రీకాకుళం వైపు మనిషే. ఇక్కడి బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు.

ఆయన పద్ధతే వేరు. పుస్తకంలో లెక్క చూపించి, అందులోని నంబర్ల మీద బొటనవేలు పెట్టి మూసేసేవారు.

"ఇప్పుడు లెక్క చెప్పమ్మా."

"నంబర్లు లేకపోతే ఎలగ మాస్టారూ?"

"నంబర్లెక్కడికీ పారిపోవు. ఏటి కిందకొస్తంది? ముందు కదుల్తందా, ఆగుందా? అది చెప్పు."

ఎత్తులో ఉన్నందుకు ఉండేది స్థితిశక్తి, కదిలినందుకు ఉండేది గతిశక్తి. ఏది తగ్గి ఏది పెరిగిందో నోటితో కథలా చెబితేనే వేలు తీసేవారు. అంతవరకు సూత్రం ఊసెత్తకూడదు. నేను అరుగు మీద కూర్చుని టీ తాగుతూ వినేవాణ్ణి. నాకే సగం వచ్చేసింది!

ఒకసారి ఒక లెక్క ఇచ్చారు. నిండు వ్యాగను, ఖాళీ వ్యాగను, ఒకే ఎత్తు నుంచి రాపిడి లేని పట్టాల మీద జారుతాయి. కింద దేని వేగం ఎక్కువ? బుల్లి తడుముకోకుండా "నిండుదే" అంది.

"ఎలగ తెల్సు?"

"నాన్న చెప్పారు. యార్డులో నిండు బండే పహలే, అన్నిటికన్నా ముందు, వస్తాదట."

నేను ఛాతీ విరుచుకున్నాను. బిలాస్‌పూర్ యార్డులో షంటింగ్ చేసి, అంటే వ్యాగన్లు విడదీసి కలిపే పని చేసి, బతికినవాణ్ణి. బొగ్గు నిండిన వ్యాగను ఎలా దూసుకొస్తుందో, ఖాళీది ఎలా నీరసంగా వచ్చి ఆగిపోతుందో నాకు తెలీదా!

మాస్టారు నావైపు తిరిగారు. "మీ యార్డులో గాలుందేటి?"

"ఉందండి."

"పట్టాల రాపిడి?"

"అదెక్కడికి పోతాదండి!"

"ఈ లెక్కలో ఆ రెండూ లేవు. నువ్వు చెప్పిందీ నిజమే, ఇదీ నిజమే. బుల్లీ, మీ నాన్న యార్డుని బైటెట్టి లోపలికి రా."

ముగ్గురం నవ్వుకున్నాం. ఆయన సుద్దముక్కతో గచ్చు మీద రాశారు. ఒకవైపు స్థితిశక్తి, ఒకవైపు గతిశక్తి. బరువు రెండువైపులా ఉంది, కొట్టేశారు. గతిశక్తిలో ఉన్న సగం ఇటు దాటి రెండైంది. ఎత్తు ఐదు మీటర్లు, భూమి లాగే త్వరణం పది అనుకుంటే, రెండు పదులు ఇరవై, ఐదు ఇరవైలు వంద. దానికి వర్గమూలం పది. సెకనుకు పది మీటర్లు, నిండుదైనా ఖాళీదైనా.

తర్వాత రాపిడి ఉన్న లెక్క ఇచ్చారు. వేగం తగ్గిపోయిందని బుల్లి బెంగపడింది. "శక్తి పోయిందని రాయకు తల్లీ, ఎక్కడికెళ్ళిందో రాయి" అన్నారు. పట్టాలు, చక్రాలు వేడెక్కుతాయండీ అని నేనందించాను. "అచ్ఛా! ఇప్పుడు తెచ్చుకోమ్మా మీ నాన్న యార్డుని" అన్నారు.

బుల్లి డీలా పడినప్పుడల్లా ఒకటే మాట. "మీ నాన్న బళ్ళ వెనకాల పరిగెత్తాడు. నువ్వు ముందు కూర్చోవాలి."

పరీక్ష రాసి బయటికి రాగానే బుల్లి ఫోను చేసింది నాకు కాదు, ఆయనకి. "మాస్టారూ, వేలు పెట్టుకునే చేశాను!" అందట. ప్రతి లెక్కలోనూ నంబర్లు మూసుకుని ముందు కథ చెప్పుకుందట. ఆయన నవ్వి, "ముందు కడుపునిండా తిను" అన్నారట. నాకు అసూయ కలగలేదు. నా కూతురికి ఇంకో తండ్రి దొరికాడనిపించింది.

ఈ ఉదయం ఫలితం వచ్చింది. మైలలో ఉన్న మాస్టారింటికి మిఠాయి తీసుకెళ్ళకూడదు కదా, వట్టి చేతులతో వెళ్ళాం. బుల్లి గుమ్మంలోనే నిలబడి ఏడుస్తూ చెప్పింది. వినగానే మాస్టారి భార్య, అమ్మగారు, లోపలి గదివైపు తిరిగి, "ఏవండీ, వింటన్నారేటి? బుల్లి పాసైపోనాది!" అని కేకేశారు.

ఆవిడే తేరుకుని, చెంగుతో మొహం తుడుచుకుని, ఫోను అందుకున్నారు.

"మొన్న అందరికీ ఆయన పోయిన కబురు నేనే చెప్పాను. ఇదీ నేనే చెప్తాను. మీ వాళ్ళకి మీరు చెప్పుకోండి బాబూ, మా వాళ్ళకి నేను చెప్పుకుంటాను." వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టారు. "ఖరగ్‌పూర్‌లో మా పెద్దాడు, కోడలు. సీపత్‌లో మేనల్లుడు, డ్యూటీలో ఉన్నా సరే ఎత్తుతాడు. రాయగడలో మా బావగారు. విజయనగరంలో మా చెల్లి. పలాసలో మా వదిన, ఆయన అక్క. ఆవిడకి చెవులు సరిగ్గా వినబడవు. రెండుసార్లు చెప్తాను."