తువ్వాలు కింద కుదిరిన లారీ

మా మేనమామ నలభై ఏళ్లు పశువుల సంతలో బేరగాడు. ఎద్దును చూడనక్కర్లేకుండా, గోడ అవతలి నుంచి అది నెమరువేసే చప్పుడు విని వయసు చెప్పగలడని మా వైపు ఒక నమ్మకం ఉంది. ఆ నమ్మకాన్ని పుట్టించింది ఆయనే, పెంచి పెద్ద చేసింది నేను. కాబట్టి లారీ కొనాలనుకున్నప్పుడు బోనకల్ నుంచి ఆయన్ను పిలిపించక తప్పలేదు.

లారీ ఎందుకంటే, అశ్వారావుపేట దగ్గర, అడవి అంచున నాకు కొంచెం పామాయిల్ తోట ఉంది. గెల కోసిన క్షణం నుంచి దాని ప్రాణం మిల్లు మీదే. ఒకటి రెండు రోజుల్లో చేర్చకపోతే కాయ మెత్తబడుతుంది, నూనె తగ్గుతుంది, మిల్లు గేటు దగ్గర మనిషి మన వైపు శవాన్ని మోసుకొచ్చినట్టు చూస్తాడు. కిరాయి ట్రాక్టరాయన ‘పొద్దున్నే వస్తా’ అనేవాడు. ఏ రోజు పొద్దున అన్నది ఆయనకు కూడా తెలిసేది కాదు. ఒకసారి ఆయన కోసం ఎదురుచూసి ఎదురుచూసి నా గడ్డం నెరిసిందని ఊళ్లో చెప్పుకుంటాను. అంతకుముందే నెరిసిందని మా ఆవిడ అంటుంది.

చుట్టుపక్కల తోటల వాళ్లు ముగ్గురు నాతో ఒక మాట అనుకున్నారు. “నువ్వు బండి కొంటే మా గెలలు గూడ నీకే ఏస్తం. కాని ఒక్క కోతకు బండి రాకున్నా మళ్ల ట్రాక్టరుకే పోతం. తర్వాత అలగొద్దు.” నేను ఛాతీ మీద చెయ్యి వేసుకుని ఒప్పుకున్నాను. వాళ్ల గెలలు లేకపోతే నా నాలుగెకరాల కాపుకు లారీ కొనడం దోమకు గొలుసు చేయించడం లాంటిది.

ఖమ్మం షోరూములో ఏసీ ఎంత చల్లగా ఉందంటే, మామ మీసం మీద మంచు పట్టిందని ఇంటికొచ్చి అందరికీ చెప్పాను. మంచు కాదు, బయట తాగిన మజ్జిగ.

టై కట్టుకున్న సేల్స్ ఆయన మా ముందు రంగుల కాగితాలు పరిచి ఇంజిను, మైలేజీ, లోడు అంటూ మొదలుపెట్టాడు. మామ ఆ మాటలేవీ వినలేదు. లేచి లారీ చుట్టూ మూడుసార్లు తిరిగాడు. టైరు మీద అరచేత్తో చరిచాడు. ముందు మూత తెరిపించి, ఎద్దు నోరు తెరిచి దంతాలు చూసినట్టు లోపలికి తొంగిచూసి “పండ్లు మంచిగనే ఉన్నయ్” అన్నాడు. ఎడమ తలుపు దగ్గర ఆగి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చూసి, నాలుక చప్పరించాడు.

“సుడి ఉంది.”

“అది పాలిష్ గుర్తు సార్” అన్నాడు సేల్స్ ఆయన.

“నువ్వు పాలిష్ అను, ఇంకోటి అను. ఎడమ దిక్కు సుడి ఇల్లు మింగుతది. సంతల గిసొంటి సుడి ఉన్నదాన్ని సగం ధరకు గూడ ఎవ్వడడగడు.”

ఎద్దు ఒంటి మీద వెంట్రుకలు గుండ్రంగా తిరిగే చోటే సుడి. ఏ సుడి ఎక్కడుంటే ఇంటికి మంచిదో చెడ్డదో చెప్పడం మామ విద్య. లారీ చరిత్రలో సుడి చూపి ధర తగ్గించమన్న మొదటి మనిషి ఆయనే అని నేను నలుగురిలో గట్టిగా చెబుతాను. ఇంతవరకు కాదన్నవాడు లేడు.

తర్వాత ఇద్దరూ వచ్చి కూర్చున్నాక మామ భుజం మీది తువ్వాలు తీశాడు. సేల్స్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఆ రెండు చేతుల మీద తువ్వాలు కప్పాడు.

సంతలో బేరం నోటితో చేయరు. చుట్టూ పదిమంది నిలబడి వింటుంటారు కదా. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుంటారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత, మధ్యలో నొక్కితే సగం. పైకి మాత్రం ఇద్దరూ ఆకాశం వైపు చూస్తూ వానల గురించి మాట్లాడుకుంటుంటారు. ఇవేవీ తెలియని సేల్స్ ఆయన చెయ్యి లాక్కోబోయాడు. నలభై ఏళ్లు ఎద్దుల్ని పట్టిన చెయ్యి వదులుతుందా? ఆయన ముఖం ముందు ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. ఇంకొంచెంసేపు ఉంటే వాళ్ల కంపెనీ అమ్మే రంగులన్నీ వచ్చేవి.

అద్దాల గదిలోంచి మేనేజరు పరుగున వచ్చాడు. నా వయసు వాడే. తువ్వాలు చూడగానే నవ్వి, సేల్స్ ఆయన్ను లేపి, ఆ కుర్చీలో తాను కూర్చున్నాడు.

“ఎన్నేండ్లాయె పెద్దాయనా ఇది చూసి! మా నాయన గూడ సంతకు పోయేటోడు. తువ్వాలు కింద ఏం జరుగుతదో అని వంగి జూసి వీపు పగలగొట్టించుకున్న.”

“మంచిగైంది. నేనైతే చెవు గూడ పిండుదును” అని మామ ఆయన చెయ్యి అందుకున్నాడు.

అక్కడి నుంచి నాకు ఏమీ తెలియదు. పైకి వినిపించింది వానలు, మిర్చి పంట, పాల్వంచ రోడ్డు మీద గుంతలు. టీ వచ్చింది, చల్లారింది, మళ్లీ వచ్చింది. ఒకసారి మేనేజరు “అబ్బా” అన్నాడు. ఒకసారి మామ లేచి తలుపు దాకా వెళ్లి, చెప్పుల్లో ఒక్క కాలు పెట్టి, వెనక్కి వచ్చాడు. అది బేరంలో భాగమే. సంతలో ఆయన రెండో కాలు పెట్టింది జీవితంలో ఒక్కసారే అట.

చివరికి “అయింది” అన్నాడు.

“ఎంతకు మామా?”

“బిల్లొస్తది, సదువుకో.”

బిల్లు వచ్చింది. నేను భయపడినదాని కంటే తక్కువ, మామ ఆశపడినదాని కంటే ఎక్కువ. పైగా తాడు, టార్పాలిన్ ఉచితం. కానీ మామ తువ్వాలు తియ్యలేదు.

“ఇంకోటి ఉంది సారూ. ఎద్దు కాడి కింద పండుకుంటే సంతల వాపసు తీసుకుంటం. మరి గిది పండుకుంటే?”

“మూడేండ్లు వారంటీ పెద్దాయనా. మాదే పూచీ. కాయితంల రాసుంది.”

“కాయితం మా అల్లుడు సదువుకుంటడు. నువ్వు నాకు చేతిల చెప్పు.”

మేనేజరు మామ చెయ్యి గట్టిగా పట్టుకుని ఊపాడు.

బండి ఇచ్చే రోజున పూలదండ వేశారు. మేనేజరే స్వయంగా ముందు జాలీకి పసుపు రాసి, బంపరు మీద కొబ్బరికాయ కొట్టాడు. అది పగిలిన తీరుకు నీళ్లు సగం జాలీ లోపలికి, సగం నా చొక్కా మీదికి పోయాయి. ఫోటో తీశారు. ఇంటికి రాగానే మా ఆవిడ తన వంతు మొదలుపెట్టింది. కొత్త ఎద్దు ఇంటికొస్తే కాళ్లు కడిగి, ముఖానికి పసుపు నీళ్లు చల్లి, హారతిచ్చి లోపలికి తీసుకుంటాం. లారీకి ముఖం పెద్దది కదా, చెంబు సరిపోదని ఆవిడ బిందె తెచ్చింది. జాలీ మీద బిందెడు పసుపు నీళ్లు ధారగా పోసింది. మామ పక్కనే నిలబడి “ఇంకొంచెం ఎడమకు, బిడ్డా, ఆ సుడి మీద గూడ” అన్నాడు. భద్రాచలంలో గోదావరి వరద తగ్గాక కూడా అంత నీరు నిలవదు.

మొదటి కోత గెలలు లారీ రాజులా మోసింది. రెండో కోతకు మాత్రం, అడవి దాటి తారు రోడ్డెక్కే చోట, పొద్దున తొమ్మిదింటికి, నా గెలల లోడుతో ఆగిపోయింది. దగ్గలేదు, పొగ వదల్లేదు. కాడి కింద ఎద్దు పడుకున్నట్టే పడుకుంది. ఎవరి ట్రాక్టరును తిట్టి తిట్టి లారీ కొన్నానో, ఆ ట్రాక్టరాయనే వచ్చి నా గెలలు ఎక్కించుకున్నాడు. ఆ రోజు మాత్రం సమయానికి వచ్చాడు, అదే నాకు ఎక్కువ బాధ.

పక్క తోటల కోత నాలుగు రోజుల్లో ఉంది. ఆ ముగ్గురిలో పెద్ద తోట ఉన్న రైతు ఆగిన లారీని చూసి, “బుధవారం మా గెలలు కోస్తం. బండొస్తదా, ట్రాక్టరుకు చెప్పాల్నా? మంగళారం దాంక జూస్తా” అన్నాడు.

లారీని ఖమ్మం దాకా లాక్కుపోయారు. మర్నాడు నేనూ మామా షోరూము వెనక ఉన్న సర్వీసు షెడ్డుకు వెళ్లాం. అక్కడి సూపర్‌వైజరు జాలీ విప్పి, లోపల వైర్లు కలిసే సాకెట్టును ఊడదీసి, మా ముందు పెట్టాడు. దాని గుంతల్లో పచ్చగా ముద్ద కట్టి ఉంది.

“సార్, ఇదేంది?”

“పసుపు” అన్నాను.

“ఇంజిన్ల పసుపెందుకుంది? వండుకుంటున్నరా?”

నేను పైకప్పు వైపు చూశాను. మామ నా వైపు చూశాడు.

“నీళ్లు పోయినయ్ సార్, లోపల అంతా తుప్పు పట్టింది. నీళ్లు పోస్తే వారంటీ రాదు. కొత్త సాకెట్టు హైదరాబాద్ నుంచి రావాలె. వారం పడ్తది.”

వారం! నాలుగు రోజుల్లో ఒకటి అప్పటికే అయిపోయింది. మేనేజరుతో మాట్లాడదామని షోరూములోకి వెళ్లాం. ఆయన వచ్చేలోపు నా కళ్లు గోడ మీద పడ్డాయి. కొన్నవాళ్ల ఫోటోలు వరసగా అంటించి ఉన్నాయి. మూడో వరసలో మేమే. మధ్యలో మేనేజరు. ఆయన చేతిలో పగిలిన కొబ్బరికాయ, జాలీ నిండా ఆయన రాసిన పసుపు, లోపలికి దూకుతున్న నీళ్లు. పత్రికలకు పంపితే బహుమతి వచ్చేంత స్పష్టంగా ఉంది.

నా ప్రాణం లేచొచ్చింది. మామ చెవిలో అన్నాను: “ఇది చాలు మామా. పసుపు మీది, నీళ్లు మీవి అని ఒక్కటే మాట. బిందె సంగతి ఎత్తొద్దు.”

మామ నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టు గురించి ఇంతకుముందే రాశాను.

“అల్లుడా, ఎద్దు కుంటిదని దాచి అమ్మినోడు ఆ పూటకు గెలుస్తడు. మళ్ల ఆ సంతల కాలు పెట్టలేడు. నీ బండి మూడేండ్లు గీడికే రావాలె. నోరు మూసుకో.”

“మరి పక్క తోటలోళ్ల కోత?”

“అందుకే మూసుకో అంటున్న.”

మేనేజరు వచ్చాడు. సూపర్‌వైజరు చెప్పిందే ఆయనా చెప్పాడు, కొంచెం మర్యాదగా. మామ అంతా విని, గోడ మీది ఫోటో చూపించాడు. ఆ తర్వాత, నేను తల పట్టుకుంటుండగా, నిజం మొత్తం చెప్పేశాడు.

“మీరు కొబ్బరికాయ కొట్టిండ్రు. మా బిడ్డ బిందెడు నీళ్లు పోసింది. ఎడమకు పొయ్యమన్నోన్ని నేనే. ఎవరి నీళ్లు ముందు పోయినయో బండి చెప్పదు, మనం చెప్పలేం.”

మేనేజరు ఫోటో దగ్గరికి వెళ్లి చాలాసేపు చూశాడు. తన చెయ్యి చూసుకున్నాడు.

“బిందెనా పెద్దాయనా?”

“ఇత్తడి బిందె. నిండుగ.”

ఆయన పెదవుల మీద నవ్వు రాబోయి ఆగింది. “కంపెనీకి ఏమని రాయాలె నేను?”

మామ తువ్వాలు తీసి, ఆయన చేతిని పట్టుకుని, పైన కప్పాడు.

ఈసారి వానల ముచ్చట కూడా లేదు. ఇద్దరూ ఊరికే కూర్చున్నారు. గోడ మీది గడియారం చప్పుడు నాకు మిల్లు బాయిలరు చప్పుడంత వినిపించింది. ఎన్ని వేళ్లు, ఎన్ని నొక్కులు, ఏం బేరమో అని నేను తువ్వాలు అంచు వైపు వంగబోయి, మేనేజరు నాయన కొట్టిన దెబ్బ గుర్తొచ్చి ఆగాను.

కాసేపటికి మేనేజరు గట్టిగా ఊపిరి వదిలి, సూపర్‌వైజరును కేకేశాడు.

“యార్డుల అమ్మకానికి ఉన్న బండిది సాకెట్టు తీసి వీళ్లకు పెట్టు. హైదరాబాద్‌ది వచ్చినంక దానికి పెట్టుకుందాం. పూజ మనం గూడ చేసినం, వారంటీలనే రాయి. కంపెనీకి నేను చెప్పుకుంటా. లాక్కొచ్చిన కిరాయి మాత్రం వాళ్లదే.”

మంగళవారం మధ్యాహ్నానికి లారీ మా చేతికొచ్చింది. ఖమ్మం దాటాక ఆపుకోలేక అడిగాను.

“తువ్వాలు కింద ఏం ఒప్పుకున్నవ్ మామా? ఎన్ని వేళ్లు?”

“వేళ్లు లేవు, ఏం లేవు. ఊకె చెయ్యి పట్టుకొని కూసున్న.”

“అంతేనా!”

“అంతే. మూడేండ్లు మాదే పూచీ అని ఆయన చెప్పింది గా చేతిలనే. నోటితోనైతే కాదనొచ్చు. చెయ్యి చేతిల ఉన్నంక కాదనుడు కష్టం.”

దారిలోనే పెద్ద తోట రైతుకు ఫోన్ చేసి, రేపు వస్తున్నానని చెప్పాను. “ట్రాక్టరుకు ఫోన్ కలుపుతున్న, గంతల నీదొచ్చింది” అన్నాడు. నేను చెప్పుకునేటప్పుడు ఆయన ఆనందంతో ఏడ్చాడని చెబుతాను. ఆయన ఏడవలేదు. “ఏడింటికల్లా రా, జల్దీ” అని పెట్టేశాడు.

బుధవారం పొద్దున బయలుదేరుతుంటే, మా ఆవిడ పసుపు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. తప్పు చేసినదానిలా లేదు, అలిగినదానిలా ఉంది.

“చిన్నాయనా, బొట్టన్నా పెట్టొచ్చా, అదీ వద్దంటారా?”

“టైర్లకు పెట్టు బిడ్డా. కాళ్లు కడుగు, హారతియ్యి, ఏమన్న చెయ్యి. మొకం జోలికి మాత్రం పోకు.”

ఆవిడ వంగి ఆరు టైర్లకూ ఒక్కొక్కటిగా బొట్టు పెట్టింది, తొందరేం లేకుండా. ఏడింటికి ఐదు నిమిషాలుంది. మామ తలుపు మీది సుడిని తువ్వాలుతో ఒకసారి రుద్ది, ఎక్కి నా పక్కన కూర్చున్నాడు.