పెద్దమ్మ క్షమించలేదు

మా పెద్దమ్మ పోయిందని మొన్న తెల్లవారగానే చిత్తూరు నుంచి ఫోను వచ్చింది. నిద్రలోనే పోయిందట. తిరుపతి నుంచి బస్సులో వెళ్తున్నంతసేపూ నాకు ఏడుపు రాలేదు. ఆమెకు ద్రోహం చేసినవాడు ఇంకా బతికే ఉన్నాడన్న మాటే మనసులో మెదులుతూ వచ్చింది. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు ఇలాంటివి రాయకూడదంటారు. పెద్దమ్మ ఉంటే రాయమనే అనేది.

పెదనాయన పోయాక స్టీలు పాత్రల అంగడిని ఆమే నడిపింది. ఏ గిన్నెనైనా వేలితో కొట్టి, మోత విని, "ఇది పల్చన, నీకొద్దు" అని కొనేవాళ్ళకు తానే చెప్పేది. తిరుపతి హోటళ్ళవాళ్ళు అండాలూ గంగాళాలూ ఆమె దగ్గరే కొనేవాళ్ళు. జీఎస్టీ వచ్చాక చుట్టుపక్కల కొందరు బిల్లు లేకుండా అమ్మేవాళ్ళు. ఆమె చెంచాకు కూడా బిల్లు రాసేది. "పన్ను కట్టేదానికి నాకు బాధ ల్యా. దొంగ అనిపించుకునేదానికే బాధ" అనేది.

లెక్కలు చూడడానికి ఒకాయన ఉండేవాడు. ఆ వీధిలో అంగళ్ళన్నిటికీ ఆయనే. అందరూ ఆడిటరు అని పిలిచేవాళ్ళు. రిటర్ను వేసి పన్ను కడతానని నెలనెలా డబ్బు చేతికే తీసుకునేవాడు. "నీకెందుకక్కా ఈ తలనొప్పులు" అంటూ రిజిస్ట్రేషన్‌లో తన ఫోను నంబరే ఇచ్చాడు.

ఒకరోజు తిరుపతి హోటలాయన ఫోను చేశాడు. "ఏమ్మా, నీ బిల్లులు ఒక్కటీ మాకు కంప్యూటర్లో కనపడలే. నీకిచ్చిన పన్ను మళ్ళీ మేమే కట్టాల్సొస్తా ఉండాది" అన్నాడు. పెద్దమ్మ నన్ను వెంటబెట్టుకుని పన్నుల ఆఫీసుకు వెళ్ళింది. అక్కడి అధికారి చూసి, నెమ్మదిగానే చెప్పాడు. "నెలల తరబడి మీరు రిటర్నులే వెయ్యలేదమ్మా. నోటీసులు మీరిచ్చిన నంబరుకే పంపినాం. మీ రిజిస్ట్రేషన్ రద్దయిపోయింది."

ఆమె కట్టమని ఇచ్చిన డబ్బంతా ఆడిటరు మింగేశాడు.

మెట్లు దిగుతూ పెద్దమ్మ గోడ పట్టుకుంది. "మీ పెదనాయన పెట్టిన అంగడిరా. దొంగంగడి అయిపాయనే" అంది. ఆమె ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే.

గాజులు అమ్మింది. పాత రిటర్నులన్నీ వేరేవాళ్ళతో వేయించి, పన్నూ వడ్డీ ఆలస్య రుసుమూ కట్టి, రిజిస్ట్రేషన్ తిరిగి తెచ్చుకుంది. హోటళ్ళవాళ్ళు మాత్రం తిరిగి రాలేదు. అప్పుడు మొదలుపెట్టింది పగ. పోలీసు కేసు పెట్టి ఊరుకోలేదు. అంగడి అంగడికీ ఎక్కి, "పన్ను కట్టినట్టు నీ ఫోనుకు మెసేజి వచ్చిందా? పోయి సూసుకో" అని చెప్పింది. చూసుకున్నవాళ్ళు ఆడిటరు మీదికి పోయారు.

ఒక సాయంత్రం ఆయన మా అంగడికొచ్చి నేల మీద కూర్చున్నాడు. "అక్కా, ఈ ఒక్క తూరికి ఇడిసిపెట్టు. బిడ్డలు గలోణ్ణి."

పెద్దమ్మ గిన్నె తుడవడం ఆపలేదు. "నా దుడ్డు తిన్నావు, ఇడిసిపెడతా. నన్ను దొంగను సేసినావే, అది యాడ ఇడిసేది? లెయ్. బేరమొచ్చే టైము."

ఆయన ఆఫీసు మూతపడింది. రేణిగుంటలో ఏదో గోడౌన్లో పనికి చేరాడు. అక్కడ కూడా ఆయన్ని లెక్కలు ముట్టనివ్వరని తెలిసిన రోజు పెద్దమ్మ పాయసం వండి నాకు పెట్టింది. అంత తియ్యటి పాయసం నేను మళ్ళీ తినలేదు.

మొన్న పాడె లేపే ముందు ఆడిటరు పూలదండతో వచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. "పోనీలేబ్బా, సచ్చినాక ఏం పగ" అని వెనక ఎవరో అన్నారు. నేను గేటుకు అడ్డంగా నిలబడ్డాను.

"మా పెద్దమ్మ నిన్ను రమ్మనలే."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నాకు జాలి కలగలేదు. ఇది రాస్తున్న ఇప్పుడూ కలగడం లేదు.

పాడె లేచింది, పలక డప్పులు మోగాయి. వీధి మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ అందుకోని దండను రెండు చేతులా పట్టుకుని, ఆయన ఇంకా గేటు బయట ఎండలోనే నిలబడి ఉన్నాడు.