తాళం వెయ్యి

చలికాలం పొద్దున పేరుకున్న కొబ్బరినూనె సీసాను ఎండలో పెట్టి, కరిగాక మూత తీస్తే చాలు, నా కుడి అరచెయ్యి దానంతటదే తొడ మీద పడుతుంది. తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు. మళ్ళీ దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. జడ కోసం నా ముందు కూర్చున్న మా అమ్మాయి "ఎనిమిదీ అయిపోయినయ్ అమ్మా, ఇంక నూనె రాయి" అంటుంది. ఆ కాసేపు నేను ఇంట్లో ఉండను. తార్నాకలో, పసుపు పరదాల వెనక మధ్యాహ్నపు వెలుగు నిండిన ఒక ముందుగదిలో ఉంటాను.

ఆ గది రాజ్యలక్ష్మి గారిది. గుంటూరు వైపు నుంచి ఏనాడో వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. కాలేజీలో సంగీతం చెప్పి రిటైరయ్యాక, ఇంట్లో పిల్లలకు వీణ నేర్పేవారు. నేను యూనివర్సిటీలో ఎమ్మే చదువుతూ, అడిక్‌మెట్‌లో గది దొరకక వాళ్ళ పైగదిలో అద్దెకు దిగాను. మాది సిద్దిపేట దగ్గర మక్కచేల ఊరు. వీణను అంతకుముందు పటాల్లో సరస్వతి ఒళ్ళోనే చూశాను. మధ్యాహ్నాలు పుస్తకం గుండెల మీద పెట్టుకుని పడుకుంటే ఆ నాదం నేలలోంచి చాపలోకి, చాపలోంచి నా వీపులోకి పాకేది. అది నిద్రో మెలకువో తెలిసేది కాదు. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నేను చదివినదానికంటే అలా పడుకుని విన్నదే ఎక్కువ.

ఒక శనివారం నేను మెట్లు దిగుతుంటే ఆమె పిలిచారు. "స్వరూపా, ఒక్క నిమిషం లోపలికి రామ్మా. పాప వాయిస్తుంది, నువ్వు తాళం వెయ్యి." నేను బుద్ధిగా వెళ్ళి, మేకుకున్న తాళంకప్ప తీసి, తలుపుకు లోపలినుంచి తాళం వేసి, తాళంచెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆమె నవ్వలేదు. తాళంచెవి పక్కన పెట్టి, "మంచి పనే చేసింది. ఇక ఎవరూ పారిపోలేరు" అన్నారు.

సిగ్గుతో చచ్చిపోయాను. "నాకు సంగీతం రాదు మేడం."

"పేరులోనే స్వరం పెట్టుకుని రాదంటావేం?"

"మా ఊర్ల డప్పు కొడితే తాళం ఎవ్వలు ఎయ్యరు మేడం. కాళ్ళే ఏస్తయ్."

"అయితే సగం వచ్చినట్టే. కాళ్ళలో ఉన్నదాన్ని చేతికి తెచ్చుకోవాలి, అంతేగా" అని, నా చెయ్యి పట్టుకుని తొడ మీద వేయించారు. ఆ వేళ్ళు కొబ్బరినూనె వాసన. తీగల మీద వేళ్ళు జారడానికి పక్కనే చిన్న ఇత్తడి గిన్నెలో నూనె పెట్టుకునేవారు.

పారిపోలేరన్న మాట ఊరికే అన్నది కాదని తర్వాత తెలిసింది. ఒకప్పుడు శనివారం సాయంత్రం గుమ్మం ముందు చెప్పులు గేటు దాకా ఉండేవట. నేను చేరేనాటికి నలుగురే పిల్లలు. ఒకమ్మాయి కీబోర్డుకు మారింది, ఒకమ్మాయిని ఎంసెట్ కోచింగ్ మింగింది. తల్లులు వచ్చి, "ఏడాది ఆగి మళ్ళీ పంపిస్తామండీ" అనేవారు. ఆ ఏడాది ఏ క్యాలెండర్లోనూ రాలేదు. ఆమె మాత్రం ఒక పట్టు పట్టుకుని కూర్చున్నారు. "శనివారం అయిదింటికి ఒక్కరొచ్చినా గది తెరుస్తాను. ఎవరూ రాని రోజు మూసేసి, వీణలు ఎవరికైనా ఇచ్చేస్తాను."

ఒక శనివారం ప్రత్యేక తెలంగాణ కోసం బంద్. క్యాంపస్‌లో మా ఊరేగింపు మీద బాష్పవాయువు వదిలారు. కళ్ళు మండిపోతూ, చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని తార్నాక దాకా పరుగెత్తుకొచ్చాను. ముందుగది తలుపు తీసే ఉంది. జంపఖానా పరిచి, జరీచీర కట్టుకుని ఆమె ఒక్కరే కూర్చున్నారు. అయిదు దాటి అరగంటయింది. నన్ను చూసి లేచి, తడిగుడ్డ తెచ్చి కళ్ళు తుడిచారు. పొద్దుటినుంచీ నేను అరిచిన నినాదాలు ఆమెకెలా వినబడి ఉంటాయోనని నాకు లోపల ఒకటే గుబులు.

"మీ నినాదాలు ఇక్కడికి వినిపించాయి. తాళం బాగుంది, శ్రుతే కలవలేదు" అన్నారు.

నవ్వబోయి ఏడ్చేశాను. "మీరు గూడ పోతరా మేడం, ఆంధ్రకు?"

"నేనెక్కడికి పోతానే? నా పిల్లలు వెళ్ళింది ఆంధ్రాకు కాదు, కీబోర్డుకు. బంద్‌ని తిట్టుకుంటే నాకు సుఖంగానే ఉంటుంది. కానీ వాళ్ళు అంతకుముందే వెళ్ళిపోయారు." ఖాళీ జంపఖానా వైపు చూసి, మేకుకున్న తాళంకప్ప వైపు చెయ్యి చూపించారు. "ఇక చాలు స్వరూపా. తాళం వెయ్యి."

ఆమె ఏ తాళం అన్నారో నాకు బాగా తెలుసు. తెలిసే వెళ్ళి జంపఖానా మీద బాసిపట్టు వేసుకుని కూర్చుని, తొడ మీద దెబ్బ వేశాను. చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు. ఆమె నిలబడి చూశారు. తర్వాత నెమ్మదిగా కూర్చుని, వేలు నూనెలో ముంచారు.

బయట దూరంగా ఇంకా కేకలు వినిపిస్తున్నాయి. లోపల పరదాల పసుపు, వీణ నాదం, నా మండే కళ్ళు. మధ్యలో ఒకచోట లెక్క తప్పాను. ఆమె ముందుకు పోలేదు. ఒకే స్వరం మీద అటూ ఇటూ ఊగుతూ, నేను మళ్ళీ దెబ్బ దొరకబుచ్చుకునేదాకా ఆగారు. నా కోసం అలా ఆగినవాళ్ళు నా జీవితంలో ఎక్కువమంది లేరు.

ఆ గది మూతపడలేదు. వేళ్ళు సాగినన్నాళ్ళు ఆమె శనివారాలు ఆగలేదు. చాలా శనివారాలు నేనొక్కదాన్నే. తెలంగాణ వచ్చిన రోజు మిఠాయి తీసుకెళ్తే, ముందు చెయ్యి కడుక్కుని కూర్చోమన్నారు. కొన్నేళ్ళకు ఆ ఇంట్లోనే పోయారు.

నాకు ఈనాటికీ ఏ రాగం పేరూ చెప్పడం రాదు. కానీ ఎక్కడ చిన్న కచేరీ జరిగినా వెళ్తాను. మొన్న ఒక హాల్లో వేదిక మీద ఇరవయ్యేళ్ళు నిండని అమ్మాయి, ఎదురుగా నిండా ఖాళీ కుర్చీలు. పాడుతూ పాడుతూ వాటిని చూసి ఆమె గొంతు సన్నబడింది. నేను వెనకనుంచి లేచి ముందు వరుసలోకి వెళ్ళి కూర్చుని, ఆమెకు కనబడేలా చెయ్యి పైకెత్తి దెబ్బ వేశాను. ఆ అమ్మాయి నా చెయ్యి చూసి, గొంతు సవరించుకుని మళ్ళీ ఎత్తుకుంది.