కాపా చెడగొట్టిన పళ్ళెం

మాస్కోకు దక్షిణాన ఉన్న మా పుష్చినో ఊరి ప్రయోగశాలలో కపితోలినా, అంటే మా కాపా, కడిగినంత శుభ్రంగా గాజు పళ్ళేలు ఇంకెవరూ కడగరు. ఆమె కలిపినంత ఓపికగా రసాయనాలూ కలపరు. పాపం, అదే ఆమె కొంప ముంచింది. మేం కలిపే ఎర్రటి ద్రావణాన్ని పలచగా పోసి కదపకుండా వదిలేస్తే, ఏ నలుసు దగ్గరో నీలి చుక్క పుట్టి వలయాలు వలయాలుగా విచ్చుకుంటుంది; మాకు కావలసినవి ఆ వలయాలే. కాపా పళ్ళెంలో నలుసుంటే కదా!

పక్క బల్ల రుఫీనాది. పైపైన కడిగి, నాలుగు తిప్పులు తిప్పి వదిలేసే రకం. వలయాలన్నీ ఆమెకే వచ్చేవి. "దాని చేతిలో ఏముందే తల్లీ?" అని కాపా నా దగ్గర ఏడ్చేది. రుఫీనా ఊరేసిన దోసకాయలు కరకరలాడాయని కూడా నెల్లాళ్ళు ఉడికిపోయిన మనిషి. కుళ్ళంటే కుళ్ళే, దానికి వేరే పేరు పెట్టను.

డెబ్బై రెండులో మాస్కో నుంచి పెద్దలు వస్తున్నారన్నారు. ఎవరి పళ్ళెం బాగుంటే వాళ్ళే పక్కన నిలబడి చూపించాలన్నాడు మా పెద్దాయన గ్లెబ్ మత్వేయెవిచ్. కాపా ఆ పొద్దున జుట్టు ఉంగరాలు చుట్టించుకుని మరీ వచ్చింది. తీరా చూస్తే తన పళ్ళెం ఎర్రగా, ఖాళీగా ఉంది. రుఫీనాది నిండా వలయాలు. రుఫీనా టీ నీళ్ళకని అటు వెళ్ళగానే, కాపా గాజుపుల్ల తీసుకుని ఆ వలయాలకు అడ్డంగా గీసేసింది.

తెగిన కొసలు మెల్లగా ముడుచుకోసాగాయి. పెద్దలు వచ్చేసరికి పళ్ళెంలో నీలి సుడులు తిరుగుతున్నాయి. అలాంటివి మేమెవరం అంతకుముందు చూడలేదు.

"అబ్బ! ఎవరి పనమ్మా ఇది?" అన్నాడు గ్లెబ్ మత్వేయెవిచ్.

"నాదేనండీ..." అంది రుఫీనా, తనకే నమ్మకం లేనట్టు.

"అబద్ధం!" కాపా అరిచింది. "ఆ సుడులు నావి! నేను చెడగొడితే వచ్చాయి!"

అందరూ బిక్కచచ్చిపోయారు. కాపాకు తన పరువు పోయినా ఫరవాలేదు, మెప్పు మాత్రం రుఫీనాకు పోకూడదు.

రుఫీనా ఆమెకేసి చూసి పకపకా నవ్వింది. "ఓసి నీ దుంప తెగ! ఇటు రా, ఇంకో పళ్ళెం పోస్తాను. మళ్ళీ చెడగొట్టి చూపించు." పక్కకు జరిగి చోటిచ్చింది.

కాపా గీసింది. సుడులు మళ్ళీ వచ్చాయి. పెద్దలు చప్పట్లు కొట్టారు.

సాయంత్రం ఇంటికి నడుస్తూ కాపా నాతో అంది: "వలయాలు దానికే రానీవే, పోనీ. నేనంత పాడు పని చేస్తే అలా ఎలా నవ్విందే అది? నాకైతే చచ్చినా రాదు."