మౌసు కదిపిన మధ్యాహ్నాలు

ఇన్నాళ్లూ ఇది ఎందుకు రాయలేదని ఎవరైనా అడిగితే, అక్షరాలు రావు కనుక అని చెబుతాను. యాభై దాటాక సాయంత్రపు బడిలో అ ఆలు దిద్దినదాన్ని, అందరూ నమ్ముతారు. మొన్న బ్యాంకు మిషను దగ్గర నేను తడుముకుంటూ ఉండగానే తెర మారి, సమయం మించిపోయింది, మళ్లీ మొదలుపెట్టండి అని తెలుగులో వచ్చింది. కూడబలుక్కుని చదివాను. చదవగలిగానన్న సంతోషం నిలవలేదు. అలా తెర మూతపడకుండా నెలల తరబడి కాపలా కాసినదాన్ని నేను.

రెండువేల పది దాటిన తొలి ఏళ్లలో, గజపతినగరంలో రైతుల భూమి కాగితాలను కంప్యూటర్లోకి ఎక్కించే చిన్న ఆఫీసులో ఊడ్చి, తుడిచి, టీలు అందించేదాన్ని. ఎక్కించిన కాగితాలన్నీ తాళం వేసిన గదిలోని పెద్ద పెట్టెలో ఉండేవి, దానికి కాపలాగా గేట్‌వే అని ఇంకో మిషను. ఎవరి పేరు, ఎవరి రహస్యపు మాట వాళ్లు కొడితేనే లోపలికి పోనిచ్చేది, ఎవరు ఎప్పుడొచ్చి ఏం చేశారో రాసిపెట్టుకునేది, పావుగంట చెయ్యి కదలకపోతే బయటికి తోసేసేది. మళ్లీ లోపలికి రావాలంటే, సీటు వదిలి ఎక్కడికి పోయావన్న మేనేజరుకు జవాబు చెప్పాలి.

అక్కడి గుమస్తా అమ్మాయి వరస కలిపి నన్ను అత్తా అనేది. ఇంట్లో చంటిబిడ్డ. మధ్యాహ్నం వీధి చివరనున్న ఇంటికి పరిగెత్తి పాలిచ్చి వచ్చేది.

"అత్తా, నానొచ్చీదాకా ఆ మౌసు ఉండుండి ఒకపాలి కదుపుతుండు. దాన్ని నిద్దరోనీకు."

తిరిగొచ్చి, "అక్కడ దాన్ని నాను పడుకోబెట్టినాను, ఇక్కడ దీన్ని నువ్వు లేపి ఉంచినావు" అని నవ్వేది. ఒక చేత చీపురు, ఒక చేత మౌసు. తెర మీద ఏముందో తెలియకపోయినా ఆఫీసు పనిలో నాకూ పాలుందని గర్వంగా ఉండేది.

ఒకనాడు ఆమె వెళ్లాక ఎదురుసీటాయన వచ్చాడు. ఆయన పేరు మీద ఆ కాగితాలు తెరుచుకోవు.

"తెరిసే ఉన్నాదేటి అత్తా? ఒక్క కాయితం సూసుకుని లెగిసిపోతాను."

కుర్చీని కొంగుతో తుడిచి మరీ ఇచ్చాను. సాయంత్రానికి ఒక ఊరి కాగితాలన్నీ మాయం. తొందరలో ఏదో నొక్కి ఉంటాడు, కావాలని చేశాడని అనను. గేట్‌వే చిట్టాలో మాత్రం ఆ అమ్మాయి పేరే ఉంది.

మర్నాడు మేనేజరు, ఎవరికేం తెలుసో అందరూ కాగితం మీద రాసివ్వమన్నాడు. నా వంతు వచ్చేసరికి ఎదురుసీటాయనే, "అత్తకి రాత రాదు కదండి, ఒగ్గేయండి" అన్నాడు. ఒగ్గేశారు. రాత రాకపోయినా నాకు నోరుంది. విప్పితే నా పని పోతుందని గ్లాసులు కడుగుతూ ఉండిపోయాను. ఆ అమ్మాయి, తానేమీ తుడిచెయ్యలేదని చెప్పుకుంది తప్ప, అత్తను సీటు దగ్గర పెట్టి వెళ్లానని నోరు జారలేదు. ఉద్యోగం పోయి వెళ్లిపోతూ, "సంటిదాన్ని సూడ్డానికి రా అత్తా" అంది. వెళ్లలేదు.

ఇప్పుడు ఆ మిషన్లకు వేలిముద్రలు, ముఖాలు కావాలట. ఒకరి బదులు ఒకరు మౌసు కదిపే రోజులు పోయాయి, మంచికేనేమో. అంత నమ్మి సీటు అప్పగించి వెళ్లే మనుషులు కూడా నాకు మళ్లీ కనబడలేదు.

బ్యాంకు నుంచి వచ్చిన ఆ సాయంత్రమే గీతల పుస్తకంలో జరిగిందంతా రాశాను, రెండు పేజీలు, కింద నా సంతకం. మర్నాడు ఉదయం మొదటి బస్సెక్కి, శ్రీకాకుళంలో మారి, నరసన్నపేట వెళ్లాను. ఆ అమ్మాయి అక్కడ బట్టల కొట్లో పనిచేస్తోందని ఎన్నో ఏళ్లుగా తెలుసు. చీరలు మడతపెడుతూ తలెత్తి చూసింది. పుస్తకంలోంచి చింపి తెచ్చిన కాగితం చేతికివ్వబోయి ఆగాను. దాన్ని నడుముకు దోపుకుని, ముందు నోటితో చెప్పాను.